ఫస్టమ్మ పక్కన పిన్ని

చదివిన పన్నెండేళ్ళలో రెండో స్థానం ఎలా ఉంటుందో ఎరగని పిల్ల కాబట్టి ఆమెకు బడిలోనే ఫస్టమ్మ అని పేరు పడింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అలాంటి ఫస్టమ్మ కాలేజీలో రసాయనశాస్త్రం తీసుకుని, మొదటి రోజు తరగతి గదిలో అడుగుపెట్టి చూస్తే, ముందు బెంచీలో ఆమె పిన్ని కూర్చుని ఉంది.

పిన్ని మళ్ళీ చదువుతుందని ఇంట్లో అనుకుంటూనే ఉన్నారు. కానీ ముప్పై ఆరేళ్ళ మనిషి, పదహారేళ్ళుగా కుట్టు మిషను తొక్కుతున్న మనిషి, చేరితే సాయంత్రం బ్యాచిలో చేరుతుందనుకుంది ఫస్టమ్మ. తీరా చూస్తే మెడలో కొలత టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చి, "ఇటు రావే, నీకే పట్టి ఉంచా ఈ చోటు!" అని తరగతి మొత్తానికి వినిపించేలా పిలిచింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఫస్టమ్మకి తల కొట్టేసినట్టయింది.

పాఠం చెప్పే పెద్దాయన్ని కాలేజీలో అందరూ చుక్కల మాస్టారంటారు. ప్రయోగశాలలో ఒక్క చుక్క ఎక్కువ పడినా మళ్ళీ మొదటినుంచి చేయిస్తాడు కాబట్టి ఆ పేరు. మొదటి గంటలో ఆయన పాఠం జోలికే పోలేదు.

"నేనిక్కడ చెప్పే ఒక్కో గంటకి మీరు ఇంట్లో రెండు గంటలు కూర్చోవాలి. చదవడం వేరు, లెక్క చెయ్యడం వేరు. పుస్తకం మూసేసి చేస్తేనే చేసినట్టు. అర్థం కానిది ఆ వారంలోనే నా గదికొచ్చి అడగండి, పరీక్ష ముందు రోజు వస్తే తలుపు తీయను. తరగతికి రాని రోజు ఏం జరిగిందో ఇద్దర్ని కనుక్కోండి, ఒక్కర్నే నమ్ముకోకండి."

పిన్ని ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. ఫస్టమ్మ పెన్ను మూత కూడా తీయలేదు. ఇవన్నీ వెనకబడ్డవాళ్ళకి చెప్పే మాటలని ఆమె నమ్మకం.

మొదటి పరీక్షలో యాభైకి ఫస్టమ్మకి నలభై అయిదు, పిన్నికి ఇరవై ఏడు. పిన్ని సిగ్గుపడలేదు. ఆ కాగితం పట్టుకుని తిన్నగా మాస్టారి గదికి పోయింది. కిటికీలోంచి ఆమె గొంతు వరండా అంతా వినిపించింది. "మోల్ అంటే ఏంటో నాకింకా బుర్రకెక్కలేదండీ. డజను లాంటిదేనా? బొత్తాల్ని డజన్లలో కొంటాం కదా, అలాగా?"

బయట నిలబడ్డ ఫస్టమ్మ భూమిలోకి కుంగిపోయింది. కానీ లోపల మాస్టారు నవ్వుతూ, "అలాగే, కాకపోతే చాలా పెద్ద డజను," అనడం విని ఎందుకో ఆమెకి చురుక్కుమంది. తనతో ఆయన ఎప్పుడూ అలా నవ్వుతూ మాట్లాడలేదు. మాట్లాడ్డానికి తను ఏమీ అడిగి ఉండలేదు మరి.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు పిన్ని ఆ గదిలోనే ఉండేది. ప్రయోగశాలలో అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. సన్నటి దారం సూదిలోకి ఎక్కించే చేతులవి. బ్యూరెట్ గొట్టం కుళాయి తిప్పితే క్షారం చుక్క చుక్కగా జారి, ఫ్లాస్కులో నీళ్ళు లేత గులాబీ రంగు తేలగానే ఆగిపోయేది. పక్కనే ఫస్టమ్మ ఫ్లాస్కు ఓ చుక్క ఎక్కువై ముదురు గులాబీకి తిరిగిపోయేది. "తొందరెందుకే, చెయ్యి వదులుగా పెట్టు," అని పిన్ని ఆమె మణికట్టు పట్టుకోబోతే విదిలించేసుకుంది.

రెండో పరీక్షలో పిన్నికి నలభై నాలుగు. ఫస్టమ్మకి నలభై రెండు.

ఇంటికొచ్చేసరికి ఆ కబురు ఆమె కంటే ముందే చేరిపోయింది. అమ్మ ఫోనులో చెల్లెలితో మురిసిపోతోంది. "పగలంతా మిషను తొక్కుతూ ఎలా చదివావే! మా పిల్లకి వేళకి అన్నం పెట్టి, గది ఊడ్చిపెట్టినా..." ఆ వాక్యం పూర్తి కాకముందే ఫస్టమ్మ తలుపు ధడాలున వేసేసుకుంది. కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టుంది. పిన్నికి తక్కువ రావాలని కోరుకోవడం తప్పని ఆమెకి తెలుసు. తెలిసి కూడా, ఆ రోజునుంచి పుస్తకం తెరిస్తే అక్షరాల బదులు ఆ నలభై నాలుగే కనిపించేది. పిన్ని దగ్గితే ఒళ్ళు మండేది, నవ్వితే ఇంకా మండేది.

ప్రయోగ పరీక్షకి నాలుగు రోజుల ముందు పిన్ని కాలేజీకి రాలేదు. ఒక బడి వాళ్ళకి నూట ఇరవై జతల యూనిఫారాలు అందించాల్సిన రోజది. సరిగ్గా ఆ రోజే మాస్టారు కొత్త మాట చెప్పాడు. "మామూలుగా పరీక్షకి రికార్డు పుస్తకం తీసుకురావద్దంటాను. ఈసారి తప్పకుండా తేవాలి. క్షారం గాఢత మీరు పోయిన వారం కనుక్కున్నదే వాడి లెక్క కట్టాలి. పుస్తకం లేనివాళ్ళకి లెక్క భాగం లేదు. ముప్పైలో పన్నెండు పోయినట్టే."

సాయంత్రం పిన్ని ఫోను చేసింది. వెనకాల మిషన్ల రొద. "ఏమ్మా, మాస్టారు ఏమన్నా చెప్పారా?"

ఫస్టమ్మకి ఆలోచించుకోవడానికి క్షణం కూడా పట్టలేదు. "ఏం చెప్పలేదు పిన్నీ. పాత పాఠమే మళ్ళీ చెప్పారు."

ఫోను పెట్టేశాక పుస్తకం ముందేసుకుంది. మళ్ళీ చేసి చెప్పొచ్చు. మర్నాడు చెప్పొచ్చు, ఆ మర్నాడు చెప్పొచ్చు. ఆ మూడు రోజులూ పిన్ని పక్కనే కూర్చుంది, చెప్పలేదు.

పరీక్ష రోజున అందరూ సంచుల్లోంచి రికార్డులు తీస్తుంటే పిన్ని బిత్తరపోయి చూసింది. మాస్టారు వచ్చి, "నీదేదమ్మా?" అన్నాడు. పిన్ని ఒక్క క్షణం ఫస్టమ్మ వైపు తిరిగింది. ఫస్టమ్మ బ్యూరెట్ గీతలు లెక్కపెడుతున్నట్టు తల ఎత్తలేదు. "తేలేదండీ," అంది పిన్ని, చుక్క కూడా తేడా రాకుండా ప్రయోగం చేసి, లెక్క రాయాల్సిన పేజీ ఖాళీగా వదిలి ఇచ్చేసింది.

పరీక్ష అయ్యాక పిన్ని ఆమెని వరండాలో పట్టుకుంది. పిన్ని అరుస్తుందనుకుంది ఫస్టమ్మ. అరవలేదు.

"మర్చిపోయావా?"

"...లేదు."

"ఇద్దర్ని కనుక్కోమన్నాడాయన. నువ్వుండగా ఇంకొకర్ని అడగడమేంటి, సొంత పిల్లవి కదా అనుకున్నా. పన్నెండు మార్కులు పోతే పోయాయి. రేపటినుంచి నేను వెనక బెంచీలో కూర్చుంటా."

అన్నట్టే వెనక బెంచీకి వెళ్ళిపోయింది. ఫస్టమ్మ పక్క చోటు ఖాళీగా ఉండిపోయింది.

రెండో పరీక్షా ప్రయోగమూ కలిపిన ఆ విడత ఫలితాల్లో ఫస్టమ్మే మొదట. పిన్ని రెండోది. మధ్యలో ఐదు మార్కులు. అమ్మ వీధి చివరిదాకా పోయి చెప్పొచ్చింది. కంచం ముందు కూర్చున్న ఫస్టమ్మ అన్నంలో వేలితో అంకెలు గీసింది. పన్నెండులోంచి ఐదు తీసేస్తే ఏడు. ఏ పుస్తకమూ అక్కర్లేని లెక్క అది. ఏడు మార్కుల తేడాతో మొదట రావాల్సింది పిన్ని.

"అమ్మా, అది నాది కాదు," అని జరిగిందంతా చెప్పేసింది.

అమ్మ గరిటె గిన్నెలో పడేసింది. "నీకు తక్కువ వచ్చినా నేనేం అనేదాన్ని కాదు కదే," అంది. "ఇప్పుడు నా చెల్లెలికి ఏ మొహం పెట్టుకుని ఫోను చెయ్యను?"

ఆ మాట దెబ్బకంటే గట్టిగా తగిలింది. అయినా పిన్ని కుట్టుకొట్టు దాకా వెళ్ళడానికి ఫస్టమ్మకి మూడు వారాలు పట్టింది. రోజూ ఆ వీధి మొగదల దాకా పోవడం, తిరిగి రావడం.

ఒక ఆదివారం మధ్యాహ్నం కొట్టు ముందుదాకా వచ్చేసింది. లోపల గుడ్డలు కత్తిరించే పెద్ద బల్ల చుట్టూ ముగ్గురు క్లాసు పిల్లలు పుస్తకాలు పరుచుకుని ఉన్నారు. పిన్ని పళ్ళ మధ్య గుండుసూది పట్టుకునే, సుద్దముక్కతో నల్ల గుడ్డ మీద సమీకరణం రాసి చూపిస్తోంది. ఎవరో ఏదో అన్నారు, నలుగురూ నవ్వారు. గుమ్మం బయట నిలబడ్డ ఫస్టమ్మకి మళ్ళీ అదే కుంపటి రాజుకుంది. కానీ ఈసారి మంట పిన్ని మీద కాదు. పిన్ని పక్కన కూర్చున్న ఆ ముగ్గురి మీద.

ఆ సంగతి తనకే వింతగా తోచి, లోపలికి అడుగేసింది. నవ్వులు ఆగిపోయాయి.

"పిన్నీ, నీ ఫస్టు నేను కొట్టేశాను. అమ్మకి చెప్పేశాను. నీకు ఎలా చెప్పాలో తెలీక..." నల్ల గుడ్డ మీది సమీకరణం వైపు చూసింది. "ఈ పాఠం కూడా నాకు అర్థం కావట్లేదు. ఎవర్నీ అడగలేదు."

పిన్ని నోట్లోంచి గుండుసూది తీసి బల్ల మీది దిండుకి గుచ్చింది. మొహం మెత్తబడలేదు. కోపం పోయినట్టు కూడా లేదు.

"కుర్చీలు అయిపోయాయి," అంది. "ఆ బట్టల మూట ఇటు లాక్కుని కూర్చో. నాలుగో లెక్కలో ఉన్నాం."