నాలుక మీద చుక్క

మేడిపల్లి దాటగానే పోలీసులు బస్సు ఆపి అందరినీ కిందికి దింపారు. ఎండ చుర్రుమంటున్నది. మగవాళ్లను ఒక వరసలో, ఆడవాళ్లను ఒక వరసలో నిలబెట్టి సంచులు దులిపించారు. సత్యవ్వ సంచిలో రొట్టెల మూటతో పాటు పాతచీర పేలికలో చుట్టిన సీసా దొరికింది. సీసా నిండా పసుపుపచ్చని నీళ్లు.

"ఏందే ఇది? అడివిల ఎవలకు పట్కపోతున్నవ్?" అన్నాడు కానిస్టేబులు.

"అడివి లేదు, గిడివి లేదు సారూ. రంగుతొట్టి నీళ్లు. జగిత్యాల లేబరాఫీసుల మా కేసున్నది. మా పిలగాడు ఆఫీసరుకు సూపెడ్తడని తీస్కపోతున్న."

కానిస్టేబులు మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెంటనే తల వెనక్కి లాక్కొని, కళ్లు తుడుచుకుంటూ సీసా తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాడు. అంత పెద్ద తుపాకీ భుజాన ఉన్నవాడు గుప్పెడు నీళ్లకు అట్లా జడుసుకోవడం చూసి సత్యవ్వకు నవ్వొచ్చింది. బస్సెక్కాక మొగుడు ముత్యానికి చెప్పి మళ్లీ నవ్వింది. ముత్యం నవ్వలేదు. ముందు సీటు కడ్డీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకోకపోతే చేతులు వణుకుతాయి.

ఆ చేతులతోనే అతను కోరుట్లలో వెంకటేశం సేటు అద్దకం షెడ్డులో పంతొమ్మిదేళ్లు నూలుకు రంగు వేశాడు. అక్కడ రంగు వేసిన నూలు సిరిసిల్ల మగ్గాలదాకా పోయేది. సత్యవ్వ కూడా అదే షెడ్డులో తడి నూలు ఆరేసేది. తొట్టిలో కాస్టిక్ సరిపడా పడిందో లేదో చూడటానికి షెడ్డులో ఏ పరికరమూ లేదు. ఒక చుక్క తీసి నాలుక మీద వేసుకొని చూడటమే. తాతలు నీలిమందు తొట్టిని అట్లాగే రుచి చూసేవారు. నీలి పోయి డబ్బాల్లో రంగుపొడి వచ్చింది కానీ ఆ అలవాటు మాత్రం పోలేదు. పైగా నాలుకతో తొట్టి పాళ్లు పసిగట్టగలిగినవాడే మేస్త్రీ అనే గౌరవం ఒకటి. ముత్యానికి ఆ గౌరవం దండిగా దక్కింది. నిరుడు దసరా తర్వాత అతనూ, అతనిలాంటి పదిమందీ చేతులు వణికి నూలు చుట్టలు జారవిడుస్తున్నారని సేటు గేటు బయట పెట్టాడు.

జబ్బు పనివల్లే వచ్చిందని ఆఫీసరు రాస్తే సేటు వాళ్లను మళ్లీ తీసుకోవాలి, వైద్యం చేయించాలి. పనివల్ల కాదని రాస్తే అంతే సంగతులు. ఈ రోజు తేలేది అదే. సత్యవ్వకు మాత్రం బెంగ లేదు. తమ పక్షాన మార్కండేయులు ఉన్నాడు.

మార్కండేయులు తమ వాడ పిల్లవాడే, మగ్గం నేసే లింగవ్వ కొడుకు. హైదరాబాదులో నరాల మీద డాక్టరేటుకు చదువుతూ మూడేళ్ల కింద ఒక ఐసుపెట్టె, గాజు గొట్టాలు, వైర్లున్న మిషనూ పట్టుకొని వచ్చాడు. రంగుపనివాళ్ల రక్తం కావాలన్నాడు. వాడంతా తలుపులు వేసుకుంది. పట్నంలో రక్తం అమ్ముకుంటారని కొందరు, ఒంట్లో సత్తువంతా పోతుందని కొందరు. అప్పుడు అరుగు మీద కూర్చొని మొదట చేయి చాపింది సత్యవ్వే. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి, తిట్టి, బతిమాలి, నలభై రెండు మందిని పోగేసింది. రంగు పొడిలో, తొట్టినీళ్లలో ఏముందో పరీక్ష చేస్తానంటే సేటు కళ్లు కప్పి వారం వారం సీసాతో తెచ్చి ఇచ్చింది.

ఆ పిల్లవాడు ఎంత బాగా చెప్పాడని! పడుగు నూలుకు గంజి ఎట్లనో నరానికి దాని మీది పొర అట్లా అన్నాడు. గంజి రాలితే పోగు తెగినట్టు, ఆ పొర రాలితే నరం పని చెడుతుంది. ముత్యం మోచేతికి వైరు తగిలించి చిన్న షాకిచ్చి, అది వేలికి ఎంతసేపట్లో చేరిందో మిషనులో చూశాడు. "మెదడు చెప్పిన మాట నీ చేతికి ఆలిస్యంగ చేరుతది కాకా. గీ రంగులే నీ గంజి రాల్చినయ్. నేను రాస్త సూడు" అన్నాడు. ఆ మాటను వాడవాడంతా నెత్తిన పెట్టుకుంది.

ఎంతగా పెట్టుకుందంటే, చలికాలంలో ఒక పొద్దున అడవి నుంచి అన్నలు ఇద్దరు వచ్చి సేటుతో మేం మాట్లాడతామన్నా వద్దన్నారు. ఆ రోజుల్లో అన్నల చీటీ వస్తే సేట్లకు అన్నం సయించేది కాదు. అయినా ఈ పిచ్చివాళ్లు వద్దన్నారు. "మా పిలగాడు సైన్సు కాయితం రాస్తున్నడన్నా. గదే మాట్లాడ్తది" అని అన్నల ముందు చేతులు జోడించింది కూడా సత్యవ్వే.

మిగతా పదిమందీ అప్పటికే చేరి ఉన్నారు. పదకొండు గంటలకు లేబరాఫీసు ముందు సేటు జీపు ఆగింది. అందులోంచి సేటు, సేటు వకీలు, వాళ్ల వెనుక మార్కండేయులు దిగారు. సత్యవ్వ కళ్లు నులుముకొని మళ్లీ చూసింది. అయినా, 'బస్సు దొరకక ఎక్కి ఉంటాడు పాపం' అనుకుంది. నమ్మకం అంత మొండిది.

లోపల వకీలు నల్ల అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఆఫీసరు ముందు పెట్టాడు. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు. మార్కండేయుల డాక్టరేటు పుస్తకం అదే. గుర్తు పెట్టిన పేజీని వకీలు ముందు ఇంగ్లీషులో చదివి, తర్వాత తెలుగులో చెప్పాడు. రంగుపనివాళ్ల చేతుల వణుకుకు కల్లు అలవాటే ప్రధాన కారణమట. పరీక్షించిన నలభై రెండు మందిలో నలభై రెండు మందీ కల్లు తాగేవారేనట.

"ఇది మీరు రాసిందేనా?" అని ఆఫీసరు అడిగాడు.

"నేను రాసిందే సార్" అన్నాడు మార్కండేయులు, తలెత్తకుండా.

భోజనాల వేళైందని ఆఫీసరు లేచాడు. వరండాలో స్తంభం దగ్గర సత్యవ్వ మార్కండేయుల్ని పట్టుకుంది.

"గా బుక్కుల నేనున్ననా కొడుకా?"

"పేర్లు రాయం చిన్నవ్వా. నంబర్లే ఉంటయి."

"నాదెంత నంబరు?"

"పదిహేడు."

"పదిహేడో నంబరు కల్లు తాగి చెడిపోయిందని రాసినవా?"

"నువ్వే చెప్పినవ్ గదా చిన్నవ్వా. తాగుతరా అని అడిగితే ఔనన్నవ్."

అవును, అన్నది. వాడలో అందరూ అన్నారు. బోనాల నాడు పోచమ్మ ముందు కల్లు సాకపోశాక మిగిలింది ప్రసాదంగా తలా ఇంత దోసిట పడతారు. 'తాగం' అని చెబితే తల్లి ప్రసాదాన్ని కాదన్నట్టు కాదా? పైగా అబద్ధం చెబితే పిల్లవాడి చదువు పాడవుతుందని అతనే చెప్పాడు. అందుకని చదువుకు నిజమే చెప్పారు.

"ఏడాదికోపారి బుక్కెడు. నువ్వెర్కలేనోనివా? నా పక్కపొంటి నిలవడి నువ్వుగూడ దోసిలి పట్టినవ్ గదరా. మరి నీ చేతులు వణుకుతున్నయా?"

మార్కండేయులు చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. "ముందుగాల రంగుల సంగతే రాసిన చిన్నవ్వా, ఒట్టు. గైడు సారు కొట్టేసిండు. రంగుల కంపెనీ ఇచ్చిన మిషన్ల మీదనే మా ల్యాబు నడుస్తది. తియ్యకుంటె డిగ్రీ రాకపోవు. ఆరేండ్ల కష్టం."

"మరి ముత్యం కాకది ఎన్నేండ్ల కష్టంరా?"

సేటు చేసింది అన్యాయమే, కానీ సేటు దగ్గర ఆమె ఎన్నడూ న్యాయం ఆశించలేదు. రక్తం తీసుకున్నవాడు, వాడ అన్నం తిన్నవాడు, వీడు చేశాడు. అన్నలకు చేతులు జోడించి ఏ మాట చెప్పిందో గుర్తొచ్చి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మధ్యాహ్నం మళ్లీ లోపలికి పిలిచారు. రిపోర్టు విన్నామని, తమకు అభ్యంతరం లేదని కాగితం తయారై ఉంది. పదకొండు మందీ వేలిముద్ర వేస్తే ఫైలు మూసేయవచ్చు. గుమాస్తా సిరాపెట్టె ముత్యం ముందుకు జరిపాడు. ముత్యం అలవాటుగా బొటనవేలు చాపాడు.

సత్యవ్వ ఆ వేలు పట్టుకొని వెనక్కి తీసింది.

"ముద్రలు పడయి సారూ. ఒక్క పరీక్ష బాకీ ఉన్నది."

ఆఫీసరు విసుగ్గా చూశాడు. "ఏం పరీక్షమ్మా?"

ఆమె సంచిలోంచి సీసా తీసింది. మూతలో నాలుగు చుక్కలు వంచుకొని నేరుగా మార్కండేయుల కుర్చీ దగ్గరికి నడిచింది.

"పంతొమ్మిదేండ్లు నా పెనిమిటి నాలిక మీద ఏసుకున్నయే గివి. వీటితోని ఏం కాలేదని రాసినవ్ గదా. ఎక్కువద్దు కొడుకా, ఒక్క చుక్క. నాలిక సాపు."

సేటు వకీలు ఏదో అనబోయాడు. ఆ నీళ్లలో ఏముందో ఆ గదిలో తెలిసినవాడు ఒక్కడే. మూత పెదాల దాకా వచ్చేసరికి మార్కండేయులు చటుక్కున తల తిప్పుకొని, కుర్చీతో సహా గోడదాకా వెనక్కి జరిగాడు.

"రాస్కోన్రి సారూ" అంది సత్యవ్వ. "సదువుకున్న సారు ఎన్కకు జరిగిండు. గదే రాస్కోన్రి."

ఆఫీసరు కలం మూత తీసి ఉంది. అది కాగితం మీదికి దిగలేదు, మూసుకోనూ లేదు. సత్యవ్వ సీసా మూత పట్టుకొని అట్లాగే నిలబడింది. ఆమె చేయి కూడా వణుకుతున్నది. ఒక చుక్క తొణికి నల్లట్ట పుస్తకం మీద పడింది. తుడవడానికి ఎవరూ చేయి పెట్టలేదు.