గట్టు దారి

పార్థసారథి గారు ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ముప్పై రెండేళ్ళు పైఅధికారుల టూర్ ప్రోగ్రాములు రాశారు. వాళ్ళు ఏ ఊరు వెళ్ళాలో, ఎక్కడ దిగాలో, దారిలో ఏం చూడాలో అంతా ఆయన చేతిమీదుగానే జరిగింది. తాను మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. రిటైరయ్యాక కూడా ఆ కడుపుమంట చల్లారలేదు. ఎలా చల్లారుతుంది!

అందుకే ఢిల్లీ పక్కనే తాముంటున్న వైశాలిలో తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ సైకిల్ బృందానికి నాయకుడైన క్రాంతి, "అంకుల్, మంచి రూటొకటి ప్లాన్ చేసిపెట్టండి" అనగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"నేనూ వస్తానయ్యా!"

"అయ్యో, మీరు లేకుండానా అంకుల్!"

ఇక చూడాలి ఆ హడావుడి! అరవై రెండేళ్ళ వయసులో గేర్ల సైకిల్ కొన్నారు. రెండు నెలలు రోజూ పొద్దున్నే కాలనీ చుట్టూ తొక్కారు. మురాద్‌నగర్‌లో ఉంటున్న తమ పాత అటెండరుకు పదేపదే ఫోన్ చేసి, గంగా కాలవ గట్టు మీద లారీలు రాని దారి, ఆవచేలు, బెల్లం వండే చోట్లు, కుక్కలు వెంటపడే మలుపులు రాసుకున్నారు. మొత్తం తొంభై కిలోమీటర్లు. ముందే ఒకసారి వెళ్ళి చూసి రావచ్చుగా అని భార్య అనసూయ అంటే, "తొక్కే రోజునే చూస్తాను" అన్నారు మురిపెంగా.

ఫిబ్రవరి ఆదివారం ఉదయం ఆరింటికి మెట్రో స్టేషన్ దగ్గర అందరూ కలిశారు. క్రాంతి ఆయన్ని పక్కకు పిలిచాడు.

"అంకుల్, మా స్పీడ్‌కి మీకు కష్టం. ఏమన్నా అయితే నా మీదకొస్తుంది. సామాను కోసం కారు మాట్లాడాం, మీరు అందులో రండి. అరటిపళ్ళు, నీళ్ళు చూసుకుంటూ ఫోన్లో దారి చెప్పండి చాలు. నెక్స్ట్ టైమ్ పక్కా."

నెక్స్ట్ టైమట! నేను గీసిన దారిలోకి నన్నే రావద్దంటావా అని చెడామడా తిట్టాలనిపించింది పార్థసారథి గారికి. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం "ఠీక్ హై". తన మీద తనకే రోత పుట్టింది. సైకిల్‌ని స్టేషన్ స్టాండులో పెట్టి తాళం వేశారు.

గట్టు దారిలో కారు పట్టదు. డ్రైవరు హైవే మీద పోనిచ్చి, మురాద్‌నగర్ దగ్గర ఒక ఢాబా ముందు ఆపాడు. దుమ్ములో, అరటిపళ్ళ అట్టపెట్టె పక్కన ఆయన కూర్చున్నారు. క్రాంతి ఫోన్ చేశాడు. "అంకుల్, రూట్ అదిరింది! ఇప్పుడెటు?"

"వంతెన దాటి ఎడమకి."

అది పెట్టేయగానే అనసూయ ఫోన్. "ఏమండీ, ఎక్కడిదాకా వచ్చారు?"

లారీ హారన్లు వినపడకుండా ఆయన ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "కాలవ పక్కనే తొక్కుతున్నాను. ఆవపూలు విరగబూశాయి" అన్నారు.

"ఇన్నాళ్ళకి మీరూ వెళ్ళారు. నాకు ఏడుపొస్తోందండీ" అంది అనసూయ. ముక్కు ఎగబీల్చి, "ఆ పూల మధ్య సైకిల్ మీద ఫొటో తీయించుకుని పంపండి. పెద్దది చేయించి హాల్లో పెడదాం. ఇప్పుడే పంపాలి, పక్కింటి సునంద కూడా చూస్తానంటోంది!"

"అలాగే, పంపుతాను" అన్నారు పార్థసారథి గారు.