యాభై దగ్గర గీతలు

చక్రం తిరుగుతోందో లేదో ఒడెట్‌కి తెలియడం లేదు. తెల్లవారకముందు నుంచి వృద్ధాశ్రమం లాండ్రీలో వేడి దుప్పట్లు మడిచి మడిచి వేళ్ళు మొద్దుబారిపోయాయి. కళ్ళతో చూసుకుంటే తప్ప బొటనవేలు ఎక్కడ ఆనిందో తెలియదు. అందుకని మాటిమాటికీ ఒళ్ళోకి చూసుకుంటోంది.

మోటెల్ హాల్లో పన్నెండు మంది కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక నల్లపెట్టె, దాని మీద పాత రేడియోకి ఉండేలాంటి చక్రం. సున్నా నుంచి వంద దాకా అంకెలు. ముందు నిలబడ్డ బ్లేక్ అనే మనిషి ఒక్కో వాక్యం చదువుతాడు. నచ్చితే చక్రం పైకి తిప్పాలి, నచ్చకపోతే కిందికి. ఏమీ అనిపించకపోతే యాభై మీదే ఉంచాలి. అంతే పని. దీనికి నూట పాతిక డాలర్లూ ఒక శాండ్‌విచ్చూ ఇస్తామన్నారు. లాండ్రీలో ఆమెకి గంటకి పదహారు వస్తుంది.

ఒడెట్ డబ్బు కోసం రాలేదు. అంటే, వద్దనుకోనూ లేదు. పోయిన శనివారం చర్చి కింద హాల్లో చిక్కుడు గింజల విందు జరిగింది. గవర్నరు పదవికి పోటీ చేస్తున్న వారెన్ స్టిల్‌వెల్ దానికి వచ్చాడు. రెండు పెద్ద పార్టీలకీ చెందనివాడు. బల్లబల్లకీ తిరిగి చెయ్యి కలిపాడు. ఒడెట్ పళ్ళెం పట్టుకుని నిలబడి, ఊళ్ళో ఆసుపత్రిలో ప్రసవాల వార్డు ఈ నెలాఖరుకి మూసేస్తున్నారటండీ అంది. ఆయన ఆమె చెయ్యి వదలకుండా, నేను గెలిస్తే మళ్ళీ తెరిపిస్తాను, నర్సుల జీతాలు రాష్ట్రమే ఇస్తుంది, మా హామీల పత్రంలో ఆ వాక్యం ఉంది అన్నాడు. ఆయన వెనకాల వచ్చిన అమ్మాయి ఆ రాత్రే, విందులో ఉన్నవాళ్ళలోంచి ఈ పనికి పన్నెండు మంది పేర్లు రాసుకుంది. కొత్తవాళ్ళని వెతికే ఓపిక లేక కాబోలు, ఒక్క చర్చి వాళ్ళనే తెచ్చి ఒక్క గదిలో కూర్చోబెట్టింది.

ఒడెట్ కూతురు జోసెట్‌కి వచ్చే నెల నడిమికి నెలలు నిండుతాయి. బిడ్డ అడ్డంగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఊళ్ళో వార్డు మూస్తే అడవి దారిలో అరవై మైళ్ళు పోవాలి. ఆ దారి సగంలో ఫోను పలకదు. అప్పటికి మంచు పడుతుంది. మంచు పడకపోతే రోడ్డు మీద నీళ్ళు అద్దంలా గడ్డకడతాయి. అదీ లేకపోతే గుర్రమంత దుప్పి ఒకటి చీకట్లోంచి వచ్చి బండికి అడ్డం నిలబడుతుంది. ఒడెట్ మనసులో ఈ మూడూ ఒకే రాత్రి జరుగుతున్నాయి. అల్లుడు బండి నడుపుతుంటాడు, వెనక సీట్లో కూతురు అరుస్తుంటుంది, కాసేపటికి అరవడం మానేస్తుంది. అక్కడి నుంచి ముందుకు ఆలోచన పోదు. మొదట్లో ఈ తలపుకి ఏడుపొచ్చేది. ఇప్పుడు దుప్పట్లు మడుస్తూ ఆలోచిస్తుంది, రొట్టె కోస్తూ ఆలోచిస్తుంది. కన్నీళ్ళు రావు.

గుమ్మం దగ్గర ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించుకున్నారు. "అమ్మాయి నిండు నెలల్లో ఉంది బాబూ, నా ఫోను నా దగ్గరే ఉండనీ" అని అడిగింది. "మధ్యలో విరామం ఇస్తాం కదండీ" అన్నాడు బ్లేక్, నవ్వు చెదరకుండా.

"తర్వాత విషయం," అన్నాడు ఇప్పుడు బ్లేక్. "వేట అనుమతులు. మూడు వాక్యాలు చదువుతాను. రెండు పెద్ద పార్టీలవీ ఒక అభ్యర్థిదీ. ఏది ఎవరిదో చెప్పను. ఒకటి: దుప్పి వేట అనుమతుల్లో ఈ జిల్లాల వాళ్ళకే ముందు వాటా ఇస్తాం..."

వాక్యం పూర్తి కాకుండానే గోడ మీది తెరపై, చక్రానికొకటి చొప్పున ఉన్న పన్నెండు గీతలూ లేచాయి. ఒడెట్ పక్కనున్న అల్ఫే ముసలాయన వంద దాకా తిప్పి, ఇంకా తిరుగుతుందేమోనని నొక్కి చూశాడు. యాభై ఏళ్ళు బంగాళాదుంపల లారీ తోలిన మనిషి.

"విరగ్గొట్టకు బాబాయ్, దాని ఖరీదు మన చెక్కులోంచి కోస్తారు" అంది వెనక నుంచి మురియెల్. బడి బస్సు నడుపుతుంది. గది నవ్వింది.

"రాష్ట్రం దక్షిణం వైపు నుంచి వచ్చి మన దుప్పుల్ని కొట్టుకుపోతున్నారు. నేను పదకొండేళ్ళుగా అనుమతి లాటరీలో చీటీ వేస్తున్నా. ఒక్కసారైనా తగిలిందా?" అన్నాడు అల్ఫే.

"నీ గురి సంగతి దేవుడికి తెలుసు బాబాయ్. అందుకే చీటీ తగలనివ్వడు."

బ్లేక్ తక్కిన రెండు వాక్యాలూ చదివి ఏదో రాసుకున్నాడు. "చాలా బాగుంది. ఇలాగే మనసులో ఏముందో అది తిప్పండి. తర్వాత విషయం, ఆసుపత్రులు."

ఒడెట్ నిటారుగా కూర్చుంది.

"ఒకటి: ప్రభుత్వ బీమాని మరింతమందికి విస్తరిస్తాం."

గీతలు యాభై దగ్గరే ఉన్నాయి.

"రెండు: ఆసుపత్రుల మీద నిబంధనల బరువు తగ్గించి, పోటీ పెంచుతాం."

ఒకటి రెండు గీతలు కొంచెం వంగి మళ్ళీ సర్దుకున్నాయి.

"మూడు: నదివైపు ఊళ్ళలో ప్రసవాల వార్డులు నడవడానికి నర్సుల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి ఇస్తాం."

ఇదే ఆ వాక్యం. ఒడెట్ రెండు చేతులతో చక్రం పట్టుకుని తిప్పింది. తిరిగిందో లేదోనని కిందికి చూసింది. ముల్లు వంద మీద ఉంది. మళ్ళీ తెర చూసేసరికి గీతలు చెరిపేసి, బ్లేక్ విరామం అంటున్నాడు.

వరండాలో, ఐసుముక్కల యంత్రం పక్కన నిలబడి కూతురికి ఫోను చేసింది. జోసెట్ బంగాళాదుంపల షెడ్డులో, కదిలే పట్టీ మీద నుంచి రాళ్ళూ కుళ్ళినవీ ఏరే పనిలో ఉంది. పంట కోత అయ్యేదాకా సెలవు లేదు. వెనకాల మోత.

"ఎలా ఉన్నావే?"

"చావలేదమ్మా. బతికే ఉన్నా. దుంపలు ఏరుతున్నా."

"అలాంటి మాటలు అనొద్దన్నానా! కూర్చున్నావా, నుంచున్నావా?"

"ఇక్కడ కుర్చీలు వేసి కాఫీ ఇస్తారమ్మా, నీకు తెలీదా? నుంచునే ఉన్నా."

"కాళ్ళు వాచాయా?"

"రాత్రి చూశావు కదా నువ్వు. ఈలోపల ఇంకా ఎంత వాస్తాయి? అది సరే, ఏమన్నారు వాళ్ళు? వార్డు ఉంచుతారటా?"

"ఆ వాక్యం చదివారు. నేను వందకి తిప్పాను."

"తిప్పితే?"

"తిప్పాను" అంది మళ్ళీ.

"ఏం పర్లేదులే. మరీ అయితే నది దాటి కెనడాలో కనేస్తా. వంతెన మీద సిపాయి బొడ్డు కోస్తాడు." పెద్దగా నవ్వింది జోసెట్. ఆ నవ్వు మధ్యలో ఊపిరి పట్టుకున్నట్టు ఆగింది. "ఏంటే?" అని ఒడెట్ అరిచేసరికి, "తన్నాడమ్మా, అంతే. సూపర్‌వైజర్ చూస్తున్నాడు, పెట్టేస్తున్నా" అంది.

ఫోను మళ్ళీ బుట్టలో వెయ్యడానికి ఒడెట్ చాలాసేపు ఆలోచించింది. వేసింది. అందరూ వేస్తున్నారు.

రెండో విడతలో బ్లేక్ గొంతు ఇంకా హుషారుగా ఉంది. పక్క గదిలోంచి ఒకమ్మాయి కొత్త కాగితాలు తెచ్చి ఇచ్చింది. విందులో పేర్లు రాసుకున్నది ఆమే. ఒడెట్‌ని చూసి గుర్తుపట్టనట్టు తల పంకించింది.

"మీరు చాలా సాయం చేశారు," అన్నాడు బ్లేక్. "దుప్పి వేట సంగతి మీకు చాలా ముఖ్యమని మాకు అర్థమైంది. దాన్ని పత్రంలో పైకి తెస్తున్నారు. ప్రసవాల వార్డు వాక్యం మిమ్మల్ని కదిలించలేదు. అందుకని దాన్ని కొత్తగా రాశారు. వినండి: ప్రతి కుటుంబానికీ నాణ్యమైన వైద్యం అందుబాటులో ఉండేలా కృషి చేస్తాం."

గీతలు యాభై దగ్గర కదలకుండా సాగుతున్నాయి.

ఒడెట్ చెయ్యి ఎత్తింది, బళ్ళో లాగా. "బాబూ, నర్సుల జీతాల మాటేదీ?"

"అది తీసేశారండీ. దానికి స్పందన రాలేదు."

"నేను వందకి తిప్పానే."

బ్లేక్ కాగితం చూసుకున్నాడు. "అవునండీ, ఒక్క గీత పైకి వెళ్ళింది. తక్కిన పదకొండూ యాభైలో ఉన్నాయి. అలా ఒక్కటి ఉంటే లెక్కలోంచి తీసేస్తాం. చెయ్యి జారి తిరిగిందనుకుంటాం."

ఒడెట్ నెమ్మదిగా పక్కకి తిరిగింది. "అల్ఫే బాబాయ్, నువ్వెంత పెట్టావు?"

ముసలాయన టోపీ సర్దుకున్నాడు. "యాభై."

"నీ మనవరాలు అక్కడే కదా పుట్టింది? ఆ వార్డు అక్కర్లేదా నీకు?"

"అక్కర్లేదని ఎవరన్నారు? కావాలనేగా యాభై పెట్టాను. సున్నా పెట్టానా?" గొంతు తగ్గించాడు. "అడుక్కుంటున్నట్టు వంద దాకా తిప్పుతామా ఏంటమ్మా, పరాయి వాళ్ళ ముందు?"

"దుప్పికి తిప్పావుగా!"

"దుప్పి మనది. అడిగే హక్కుంది. ఇది మన నర్సుల జీతాలు వేరేవాళ్ళని ఇమ్మనడం."

మురియెల్ వెనక నుంచి అంది, ఈసారి హాస్యం లేకుండా. "నేను డెబ్భై పెడదామనుకున్నానే ఒడెట్. తెర మీద అందరివీ యాభైలో కనిపించాయి. నాదొక్కటే పైకి లేస్తే, మా కోడలి కోసం అడుగుతున్నానని ఊరంతా అనుకోదా? వెనక్కి తిప్పేశా."

గదిలో అందరూ అలాంటివాళ్ళే. విందులో పళ్ళెం ఖాళీ అయినా ఇంకొంచెం వెయ్యమని అడగనివాళ్ళు. ఊళ్ళో మిల్లు మూసినప్పుడు గేటు దగ్గర వరసగా నిలబడి, మేనేజరుకి షేక్‌హ్యాండ్ ఇచ్చి ఇళ్ళకి పోయినవాళ్ళు. ఒడెట్ కూడా ఆ వరసలో నిలబడింది.

"విన్నావుగా బాబూ," అంది బ్లేక్‌తో. "వాళ్ళందరికీ కావాలి. ఆ యాభై అంటే కావాలనే. మళ్ళీ రాయించు ఆ వాక్యం."

"మీ మాట నేను తప్పకుండా చెబుతానండీ. కానీ ఇక్కడ మాటలు లెక్కలోకి రావు. చక్రం ఒక్కటే వస్తుంది. నేను చదివేవాణ్ణి మాత్రమే." అతని ముఖంలో నిజంగానే జాలి ఉంది. ఆ జాలికి ఏ అంకె ఉంటుందో. "మనం ముందుకి వెళ్దామా? ఇప్పుడు మూడు వాక్యాలూ వరసగా చదువుతాను, మీరు పోల్చి తిప్పండి. ఒకటి: అందరికీ వైద్యం అందేలా పాటుపడతాం. రెండు: కుటుంబాలకి మెరుగైన వైద్యం ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తాం. మూడు: ప్రతి కుటుంబానికీ నాణ్యమైన వైద్యం అందుబాటులో ఉండేలా కృషి చేస్తాం."

ఏది ఏ పార్టీదో చెప్పకపోయినా ఫరవాలేదనిపించింది ఒడెట్‌కి. రేపో మాపో పోస్టులో వచ్చే ఓటర్ల పత్రంలో, అభ్యర్థికొకటి చొప్పున మూడు గడులుంటాయి. మూడింట్లోనూ ఇదే ఉంటుంది. అడవి దారి ఏ గడిలోనూ ఉండదు. పెట్టెని ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది.

తెర మీద ఒక గీత ఆగిపోయింది.

"ఒడెట్ గారూ, మీది తిప్పడం లేదు."

"తిప్పను."

"నచ్చకపోతే కిందికి తిప్పొచ్చండీ. అదీ అభిప్రాయమే."

"కిందికీ తిప్పను."

"పోనీ యాభై మీద—"

"యాభై కూడా పెట్టను."

బ్లేక్ పక్క గది తలుపు వైపు చూశాడు. ఆ అమ్మాయి వచ్చి, అతను చెవిలో చెప్పింది విని, వెళ్ళి ఇంకో నల్లపెట్టె తెచ్చింది. పాతదాని మీద టేపు అంటించి 'పని చెయ్యడం లేదు' అని రాసింది. కొత్తదాని చక్రం తనే ఒకసారి తిప్పి చూసింది. తెర మీద గీత సున్నా నుంచి వంద దాకా లేచి, దిగి, మళ్ళీ లేచింది. బాగానే పనిచేస్తోంది. తెచ్చి ఒడెట్ ముందు పెట్టింది.

"మొదటి నుంచి చదువుతున్నాను," అన్నాడు బ్లేక్.

చదివాడు. ఒడెట్ కూర్చునే ఉంది. ఆమె వేళ్ళు తొడల కింద నొప్పిగా మేలుకుంటున్నాయి. అల్ఫే తన చక్రం మీద బొటనవేలు ఆనించి, దాన్ని ఎటూ తిప్పకుండా, ఆమె వంకే చూస్తున్నాడు. గుమ్మం దగ్గర బుట్టలో ఎవరిదో ఫోను మోగడం మొదలుపెట్టింది.