తెర వెనక లైను

ఆదివారం పొద్దున శ్రీరాంపూర్ నుంచి వచ్చి తమ్ముడి క్వార్టర్‌లో అడుగు పెట్టేసరికి నా మేనకోడలు హర్షిణి గడపలో కూర్చుని రాసుకుంటోంది. దాని ఎడమ చేతికి తెల్ల సాక్సు తొడిగి ఉంది. జారిపోకుండా మణికట్టు దగ్గర బడి రిబ్బను కట్టి ఉంది. కుడి చేత్తో పెన్సిలు పట్టుకుని నోట్‌బుక్కులో 'ఖ' దిద్దుతోంది. అక్షరం గీత దాటి కింది వరుసలోకి జారిపోతోంది.

"ఏమైంది బిడ్డా చెయ్యికి? కాలిందా?"

"కాలలేదత్తా. బాపమ్మ జైల్ల ఏసింది."

హర్షిణికి ఆరేళ్ళు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన పిల్ల. దాని తల్లి దీప నా చేతిలో సంచి అందుకుని, కళ్ళతోనే వంటింట్లోకి పిలిచింది.

"నాలుగు దినాలైంది వదినె. బడిల టీచరేమో ఏ చేత్తో రాస్తే ఏంది, రాయనియ్యిన్రి అన్నది. అత్తమ్మ మాట ఇంటలేదు. మీ తమ్ముడేమో నోరు తెరువడు. నిన్న పొద్దుగాల పిల్ల బడికే పోనని పండుకున్నది. ఇగ 'నాకు రాసుడే రాదు' అంటున్నది. నువ్వన్న చెప్పు."

మా తమ్ముడు అంజి ఎందుకు నోరు తెరవడో నాకు తెలుసు. ఈ జైల్లో మొదటి ఖైదీ వాడే.

మా చిన్నప్పుడు ఈ బొగ్గుబాయి కాలనీ గ్రౌండులో అప్పుడప్పుడు సినిమా వేసేవారు. రెండు గుంజల మధ్య పెద్ద తెల్ల గుడ్డ కట్టేవారు. తెర ముందర ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ కుటుంబాలు కుర్చీల్లో, షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్ళు నేల మీద కూర్చునేవారు. మా లైను ఇళ్ళు తెరకు వెనక. మా ఆడవాళ్ళు అంతమంది మగవాళ్ళ మధ్యకు పోలేక, ఎవరి వాకిట్లో వాళ్ళు మంచాలు వాల్చుకుని వెనక నుంచే చూసేవారు. బొమ్మ పలుచటి గుడ్డలోంచి ఇటు కూడా బాగానే కనిపించేది. అక్షరాలు మాత్రం తిరగబడి ఉండేవి. చదవడం వచ్చినవాళ్ళు లైనులో ఇద్దరో ముగ్గురో కాబట్టి అదెవరికీ లోటనిపించలేదు. మా సినిమాలకు మేమే పేర్లు పెట్టుకున్నాం. పాము సినిమా. సవతుల సినిమా. ఎర్రంగీ సినిమా.

ఎర్రంగీ సినిమా రెండు మూడుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, అంజికి నాలుగు. అందులో ఎర్ర చొక్కా హీరో చిన్నప్పుడు తప్పిపోయి, పెద్దయ్యాక తల్లిని చేరుకుంటాడు. తల్లి వడ్డిస్తుంది. వాడు తింటాడు. ఎడమ చేత్తో.

మా లైను లైనంతా నోరు నొక్కుకుంది. "గదేం తినుడే, పుర్రచేత్తోటి!" అని ఒకామె అంటే, పక్కింటి మల్లక్క, "బొంబాయి దిక్కు గట్లనే తింటరట" అని సర్దిచెప్పింది. మిగతా సినిమాల్లో ఎవరు ఏ చేత్తో ఏం చేశారో ఎవరూ చూడలేదు. ఇది మాత్రం అన్నం కాబట్టి అందరికీ గుర్తుండిపోయింది.

మర్నాడు పొద్దున అంజి కంచంలో ఎడమ చెయ్యి పెట్టాడు. అవ్వ, అంటే మా అమ్మ, హర్షిణి బాపమ్మ, ఒక్కటి అంటించింది. "ఎర్రంగీ గట్లనే తిన్నడు" అన్నాడట వాడు. అంతే. ఆ రోజు నుంచి తినేటప్పుడూ పలక పట్టినప్పుడూ బాపు తువ్వాలతో వాడి ఎడమ చెయ్యి మంచం కోడుకు కట్టి ఉండేది. రెండేళ్ళు పట్టింది మారడానికి. వాడి రాత ఎవరికీ అర్థమయ్యేది కాదు, వాడితో సహా. పదో తరగతి మూడుసార్లు తప్పాడు. తర్వాత బాపు పని మానుకుంటే బొగ్గుబాయిలో ఆయన నౌకరీ వాడికొచ్చింది. బాపు గట్టయ్య ఎనిమిదేళ్ళ కిందట పోయాడు. ఇంత జరిగినా మా ఇంట్లో ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. తప్పు ఎర్రంగీది. నలభై ఏళ్ళుగా అది తేలిపోయిన విషయం.

అవ్వ వెనక వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. పక్కన కూర్చున్నాను.

"అవ్వా, పోరి చెయ్యి ఇగ ఇడిసిపెట్టు."

"నువ్వు వచ్చింది గందుకేనా? నీ మరదలు ఫోన్ జేసిందా?"

"ఎవరు జేస్తేంది. కాలం మారిందవ్వా. ఇప్పుడు పెద్ద పెద్దోళ్ళు గూడ ఎడమ చేత్తోటి రాస్తున్నరు."

"రాస్తరు, రాస్తరు. రేపు పెండ్లిల బంతిల కూసుండి పుర్రచేత్తోటి తింటే నలుగురు నవ్వరా? ఆడివిల్ల." కాయ రెండు ముక్కలు చేసి గిన్నెలో పడేసింది. "అప్పుడు ఆ ఎర్రంగోడు నా కొడుకును చెడగొట్టిండు. ఇప్పుడు ఈ ఫోన్లల్ల ఎవన్ని జూసి నేర్సిందో ఇది. నేను అప్పుడే జల్ది పట్టుకున్న గాబట్టి వాడు మనిషైండు."

అంజి తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ఆదివారం సెలవు. గళ్ళ లుంగీలో, చేతిలో టీ గ్లాసుతో.

హర్షిణి వాడి కాళ్ళ సందులోంచి తల బయటికి పెట్టింది. "ఎర్రంగోడు ఎవరు బాపమ్మా?"

"ఉన్నడు ఒక పాడుగానోడు."

"నాకు చూపియ్యి."

అంజి మొహం ఒక్కసారి వెలిగిపోయింది. నలభై అయిదేళ్ళ మనిషి, అరిచేతుల్లో బొగ్గు గీతలు పోని మనిషి, "అక్కా, ఆ సినిమా దొరుకుతదంటవా?" అన్నాడు. "రైలు మీదికెల్లి దుంకుతడు సూడు... నేను ఎన్నేండ్లు దుంకిన్నో మన గోడ మీదికెల్లి!"

సమస్యల్లా పేరు. మాకెవరికీ పేరు తెలియదు. నేను చిన్ననాటి స్నేహితురాలు సుజితకు ఫోన్ చేశాను. వాళ్ళ నాన్న ఆమోసు గారు ఆఫీసులో గుమస్తా కాబట్టి సుజిత ఎప్పుడూ తెర ముందే, కుర్చీలో.

"ఎర్రంగీ ఏందే?" అని పగలబడి నవ్వింది. "మీ వెనక లైనోళ్ళు ఇంక గట్లనే ఉన్నరా? ముందరికొచ్చి కూసోన్రే అంటే మంచాలు దిగకపోతిరి!" నవ్వి నవ్వి, చివరికి పేరు చెప్పింది. అంత గంభీరమైన పేరు మా ఎర్రంగీకి ఉందంటే నమ్మబుద్ధి కాలేదు.

దీప టీవీలో వెతికి పెట్టింది. మసక ప్రింటు. ఎర్ర చొక్కా వెలిసి నారింజ రంగుకు వచ్చింది. "వాని మొకం నేను సూడ" అని అవ్వ కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. పది నిమిషాల్లో కుర్చీ సగం తిరిగింది. మరో పది నిమిషాలకు పూర్తిగా తిరిగింది.

"ఏందే, వీనికి గింత పొట్ట ఉండెనా?" అంది.

ఉంది. చిన్నప్పుడు మాకు కనిపించలేదు. మేం జడుసుకుని దుప్పట్లో దూరిన విలన్ గుహ, చూస్తే అట్టముక్కలకు రంగు కొట్టింది. ఒక బండరాయి విలన్ భుజం తగిలి ఊగింది. హర్షిణి పడీ పడీ నవ్వుతుంటే అంజికి కోపం వచ్చింది. "నవ్వకు బిడ్డా, అప్పుడు అది నిజం బండనే" అన్నాడు. తల్లీకొడుకులు విడిపోయే చోట అవ్వ పెదవులు కదిలాయి. ఆ తల్లి అనబోయే మాట అవ్వ ముందే అనేసింది, అక్షరం పొల్లుపోకుండా. కొంగుతో కళ్ళు తుడుచుకుంది కూడా.

రైలు వచ్చింది. అంజి ముందుకు జరిగి కూర్చున్నాడు, జరిగి ఆగిపోయాడు.

"అక్కా, రైలు గిటునుంచి రాలేదు గదా? మంచిర్యాల దిక్కు నుంచి వచ్చింది గదా?"

నిజమే. నా కళ్ళలో ఉన్న రైలు కుడి వైపు నుంచి, అంటే మా వాకిట్లోంచి చూస్తే మంచిర్యాల దిక్కు నుంచి, వచ్చి ఎడమకు పోతుంది. ఇది ఎడమ నుంచి వస్తోంది. "నలభై ఏండ్లాయె, యాదికుంటదా" అన్నాను గానీ, నాకూ ఎందుకో ఇంట్లో సామాన్లు ఎవరో జరిపినట్టుగా ఉంది. బావి అటుండాలి, ఇటుంది. పోలీసు జీపు అటు నుంచి రావాలి, ఇటు నుంచి వచ్చింది.

అప్పుడు అన్నం సీను వచ్చింది. తల్లి పీట వేసింది. విస్తరి వేసింది. వడ్డించింది. ఎర్రంగీ అన్నం కలిపాడు. ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు. కుడి చేత్తో.

"గీడు గాడు గాదు," అంది అవ్వ.

"గాడే అవ్వా."

"గాడు గాదంటున్న! వేరేటోన్ని పెట్టిన్రు. మళ్ళ ఎనుకకు తిప్పు."

దీప వెనక్కి తిప్పింది. మళ్ళీ కుడి చేత్తోనే తిన్నాడు. ఇంకోసారి తిప్పించింది. అవ్వ లేచి టీవీ దగ్గరికి పోయి, వేలితో ఆ చేతిని తాకి చూసింది. దీప జైపూర్ దిక్కు పల్లెటూరి పిల్ల, మా కాలనీ సినిమాలు ఎరగదు. ఆమె నెమ్మదిగా అడిగింది.

"మీరు తెర ఎనుకకెల్లి చూసిన్రని గదా చెప్తరు వదినె. ఎనుకకెల్లి చూస్తే అద్దంల చూసినట్టే ఉండదా?"

నేనూ అంజీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అక్షరాలు తిరగబడి ఉండేవని మాకు తెలుసు. నేనైతే ఆ తిరగబడ్డ అక్షరాలను కూడబలుక్కుని చదవడానికి తంటాలు పడ్డదాన్ని కూడా. మనిషి కూడా తిరగబడే ఉంటాడని ఇన్నేళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. లైనుకు లైను, ఇరవై ఇళ్ళ వాళ్ళం, ఒక కుడిచేతి మనిషిని పుర్రచేతివాణ్ణి చేసి కూర్చున్నాం.

అవ్వ బీరువా దగ్గరికి పోయింది. తలుపుకున్న అద్దం ముందు నిలబడి కుడి చెయ్యి నోటి దాకా తెచ్చింది. దించింది. మళ్ళీ తెచ్చింది. అద్దంలో మా అవ్వ పూలమ్మ ఎడమ చేత్తో తింటోంది.

"సచ్చినోడా," అంది అద్దంతో. తర్వాత నవ్వింది. మేమూ నవ్వాం. అంజి దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వులు ఆగాక కూడా అవ్వ అద్దం ముందు నుంచి కదలలేదు.

"మరి ఆ లైనుల పోరగాండ్లందరు చూసిరి గదా," అంది, ఇటు తిరగకుండా. "పోశం కొడుకు చూసె. మల్లక్క పిల్లలు నలుగురు చూసిరి. ఒక్కని చెయ్యన్న మారలే."

టీవీలో ఎర్రంగీ తల్లి కాళ్ళకు మొక్కుతున్నాడు. దీప సౌండు తగ్గించింది.

"పాలు తాగేటప్పుడు గూడ వీడు ఎడమ చెయ్యే నా కొప్పుల పెట్టేటోడు. అప్పటికి ఏ సినిమా చూసిండు వీడు?" అంజి వైపు తిరిగింది. "అయితే నేను నిన్ను ఉత్తగనే కట్టేసిన్నా రా?"

"పోనియ్యవ్వా. ఎన్నడో ముచ్చట."

"పోనియ్యవ్వా అంటవేంది? చెప్పు."

అంజి టీ గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పాడు. "నీకొకటి చెప్పాలె. తిట్టద్దు మరి. నేను బాయిల ఎడమ చేత్తోనే కొడత."

"ఏం కొడతవు?"

"సుత్తె. పైకప్పు కూలకుండ కింద కట్టె దిమ్మె నిలవెట్టి, సందుల చెక్క పెట్టి బిగియ్యాలె గదా. గోడ కుడి దిక్కున్న కాడ అందరికి కుడిచేతి సుత్తె తిరుగదు. గప్పుడు 'పుర్రచెయ్యి అంజిని పిలువున్రి' అంటరు. దిగిన మొదటి వారం నుంచి గంతే. మా సర్దార్ నన్ను వేరే గ్యాంగుకు ఇయ్యడు."

"ఇన్నేండ్ల సంది?"

"ఇరువై రెండేండ్లు."

"మీ బాపుకు తెల్సా?"

"తెల్సు. 'మీ అవ్వకు చెప్పకు, కిందికొచ్చి మరీ కడతది' అన్నడు."

అవ్వ ముందు నవ్వింది. "ఇద్దరు దొంగలే నా ఇంట్ల" అని తిట్టింది. తర్వాత మంచం మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయింది. హర్షిణి సినిమా నడుమలోనే సాక్సు ఊడబెరికి కుర్చీ కింద పడేసిందని అప్పటికి గానీ మాకు కనిపించలేదు. అది ఎడమ చేత్తో నోట్‌బుక్కు వెనక అట్ట మీద రైలు బొమ్మ వేసుకుంటోంది. అవ్వ చూసింది. "పెట్టెలు గన్నేనా? ఇంక పెట్టు" అంది.

మధ్యాహ్నం అందరం వరుసగా కింద కూర్చున్నాం. చిక్కుడుకాయ కూర, పప్పుచారు. ఎప్పటిలా అవ్వే వడ్డించింది. హర్షిణి కంచం ముందు రెండు చేతులూ గాల్లో పెట్టి కూర్చుంది. రాయడం వేరు, అన్నం వేరు. దానికీ తెలుసు. దీప అన్నం కలపడం ఆపింది.

"బాపమ్మా, ఏ చెయ్యి?"

అవ్వ గరిటె పట్టుకుని నిలబడింది. పెండ్లి బంతి, నవ్వే నలుగురు, అందరూ ఆమె కళ్ళ ముందు తిరుగుతున్నట్టే ఉంది.

"కడుక్కున్న చెయ్యి," అంది.

"రెండు కడుక్కున్న."

"అయితే తిను."

పిల్ల ఎడమ చెయ్యి కంచంలో పెట్టింది. ముద్ద సరిగ్గా కుదిరింది, ఒక్క మెతుకు జారలేదు. అవ్వ అంజి దగ్గరికి వచ్చి వంగింది.

"నువ్వు గూడ తిను రా, నీ చేత్తోటి. ఎవ్వలేమనరు."

అంజి ఎడమ చేత్తో అన్నం తీసుకున్నాడు. వేళ్ళు దగ్గరికి రాలేదు. సగం ముద్ద ఒళ్ళో పడింది. ఇంకోసారి తీసుకున్నాడు. అదీ పడింది.

"రాదవ్వా ఇగ నాకు," అన్నాడు నవ్వుతూ, కుడి చెయ్యి కంచంలో పెట్టుకుంటూ.

అవ్వ అక్కడే కూలబడింది. గరిటె పక్కన పెట్టి, కొడుకు కంచంలోని అన్నం తనే కలిపి, ముద్ద చేసి, వాడి నోటి దగ్గర పెట్టింది.

"సిగ్గనిపిస్తదవ్వా, పిల్ల చూస్తున్నది," అన్నాడు అంజి.

"చూడనియ్యి," అంది అవ్వ. "నోరు తెరువు."