చెవికొక గొంతు

ఆసుపత్రి టెలిఫోన్ గదిలో మా చెల్లెలు ముప్పై ఒక్క ఏళ్లుగా కూర్చుంటోంది. దానికి పుట్టుకతోనే చూపు లేదు. పాత బోర్డు మీద ఏ మీట ఏ వార్డుదో దాని వేళ్లకు తెలుసు. ఆ బోర్డు తీసేసి కంప్యూటరు పెట్టారు. సోమవారం పరీక్ష. గంటసేపు ఫోన్లు సరిగా కలిపితే కుర్చీ దానిదే. లేకపోతే ఉద్యోగంతోపాటు మేమిద్దరం ఉంటున్న క్వార్టరూ పోతుంది. అది అంధుల ఆశ్రమానికి, నేను అన్నయ్య ఇంటికి. ఈ పంపకం అప్పుడే అందరూ ఖాయం చేసేశారు.

దానికి తొమ్మిదేళ్లప్పుడు హాస్టలు గేటు దగ్గర దింపి వచ్చింది నేనే. నా కొంగు పట్టుకున్న వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశాను. అది రాయించి పంపే ఉత్తరాలు చదువుకోవడానికే, బడి మొహం చూడని నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పటికీ అది పక్కగదిలోకి వెళ్తే చాలు, నాకా గేటు చప్పుడు వినిపిస్తుంది.

కంప్యూటరును దానికి తగ్గట్టు మార్చే పని అన్నయ్య కూతురిది. ఆసుపత్రి కంప్యూటరు విభాగంలో చేస్తుంది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే గొంతు పెట్టింది. తనకు చూపుంది కాబట్టి దొంగచూపులు చూస్తానేమోనని, తెరకు తువ్వాలు కప్పి మరీ వారం రోజులు సరిచూసుకుంది.

శనివారం ఆ కంప్యూటరును ఇంటికి తెచ్చి చెల్లెలి ముందు పెట్టింది. చెల్లెలు మీటలు బాగానే నొక్కుతోంది. నేనే ఊరుకోలేక గుమ్మంలోంచి అడిగాను.

"బీపీ మాత్ర వేసుకున్నావా?"

దాని వేళ్లు ఆగిపోయాయి.

"ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే నేనెవరి మాట వినాలి? ఒకపక్క నువ్వు, ఒకపక్క ఈ మిషను. మీలో ఒకరు నోరు మూసుకోండి."

"నేనే మూసుకుంటాలే," అన్నాను.

మేనకోడలు మాత్రం తల పట్టుకుని కూర్చుంది. "పెద్దత్తా, వారమంతా ఫోను లేకుండా చూశాను. అవతలి మనిషి మాట్లాడుతుంటే పైనుంచి మిషను కూడా మాట్లాడుతుందని తట్టనే లేదు."

"తువ్వాలు గుర్తుంది, ఫోన్లో మనిషి మాత్రం గుర్తు లేదు," చెల్లెలు నవ్వింది. "నాకు రెండు చెవులున్నాయి కదే. ఫోనుకొకటి, మిషనుకొకటి ఇవ్వు. మిషను నేనడిగితేనే మాట్లాడాలి. అదీ గబగబా. సాగదియ్యడానికి మా అక్క ఉంది."

ఆదివారమంతా ముగ్గురం అదే పని. కుడి చెవిలో ఫోను, ఎడమ చెవిలో మిషను. ఎవరైనా లైన్లో ఎదురుచూస్తుంటే తెర మీద లైటు వెలిగేది. దానికి బదులు మేనకోడలు టిక్కుమనే చిన్న చప్పుడు పెట్టింది. పక్కగదిలోంచి ఫోన్లు చేసి, ఏడ్చేవాళ్లలా, తిట్టేవాళ్లలా మాట్లాడటం నా వంతు.

"తిట్లకి నీకు ప్రాక్టీసు అక్కర్లేదక్కా," అంది చెల్లెలు.

సోమవారం సూపరింటెండెంటు వచ్చి దాని కుర్చీ వెనక నిలబడ్డాడు, పక్కన మేనకోడలు. నేను బయట బెంచీ మీద కూర్చోలేక, గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకున్నాను.

"ఏడవకమ్మా, మెల్లగా చెప్పు. ఎన్నో నెల?... లైన్లోనే ఉండు, నేనున్నాను," అంటూనే చెల్లెలు నాలుగు మీటలు నొక్కింది. కాన్పుల వార్డు పలికింది. ఆ లోపే ఎడమ చెవిలో టిక్కులు పడ్డాయి కాబోలు, వరసగా ఇంకో మూడు అందుకుంది. గంటలో నలభై రెండు ఫోన్లు. ఒక్కటీ దారి తప్పలేదు.

సూపరింటెండెంటు లెక్క చూద్దామని తెర వైపు వంగి, ఆగిపోయాడు. తెర నల్లగా ఉంది.

"ఇది పాడైందా?"

"లేదు సార్. పొద్దున్నించీ నేనసలు వెయ్యలేదు," అంది చెల్లెలు. "దాంతో నాకేం పని? మీకు కావాలంటే కింద మీటుంది, వేసుకోండి."

ఆయన మీట కోసం తడుముకున్నాడు.

"ఇంకొంచెం ఎడమకి సార్."

మేనకోడలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. చివరికి ఆయనే ముందు నవ్వాడు. "రేపటినుంచి ఎనిమిదింటికి వచ్చెయ్యమ్మా."

"ముప్పై ఒక్క ఏళ్లుగా ఎనిమిదింటికే వస్తున్నాను సార్."

ఇంటికి నడుస్తుంటే చెల్లెలు విసుక్కుంది. "చెయ్యి కాస్త వదులు చెయ్యక్కా, నొప్పెడుతోంది. ఇంక నేనెక్కడికీ పోవట్లేదుగా."

సరేనన్నాను. వదల్లేదు.