అచ్చులో పల్లం, వీపున మెట్ట

వంకరపోయిన వెన్నెముకలకు బ్రేసులనే ప్లాస్టిక్ తొడుగులు చేసే ఆ వర్క్‌షాపులో చేరి మూడు నెలలైనా, ఆమెను అందరూ టైలరమ్మ అనే పిలిచేవారు. ఇరవై ఏళ్లు బట్టలు కుట్టిన చెయ్యి మరి. వీపు మీద అరచెయ్యి ఆనించిందంటే ఏ భుజం ఎత్తో, ఏ పక్క నడుము లోపలికి పోయిందో చెప్పేసేది. చిక్కల్లా డాక్టరు చీటీలతోనే. కుంభాకారం, పుటాకారం, వక్రత శిఖరం! కొడుకు సైన్సు పుస్తకంలో కటకాల పాఠం పట్టుకుని, ఉబ్బితే కుంభాకారం, గుంటపడితే పుటాకారం అని కూరలు తరుగుతూ కూడా వల్లె వేసింది.

“నిఘంటువు మింగావా ఏంటమ్మా?” అనేవాడు మేస్త్రీ.

“అరిగాక చెప్తాలెండి.”

ఆ రోజు, వారం క్రితం వీపు అచ్చు ఇచ్చి వెళ్లిన పదమూడేళ్ల పిల్ల తండ్రితో కలిసి కొత్త బ్రేసు తొడిగించుకోవడానికి వచ్చింది. మర్నాడు బ్రేసుతోనే ఎక్స్‌రే. వంపు తగ్గిందా సరే, లేకపోతే ఆపరేషనే అని డాక్టరు తేల్చేశాడు. మేస్త్రీ బ్రేసు తొడిగి పట్టీలు బిగించాడు. పిల్ల మొహం ముడుచుకుంది.

“ఏం తల్లీ, నొప్పా?” అంది టైలరమ్మ.

“నొప్పి కాదత్తా. ఉబ్బిన చోట ఖాళీగా ఉంది. లోపలికి పోయిన చోటే నొక్కుతోంది.”

“మొదట్లో అందరూ అలాగే అంటారు,” అంటూ మేస్త్రీ, బ్రేసు సరిపోయిందని సంతకం పెట్టడానికి పెన్ను తీశాడు.

టైలరమ్మ గబగబా మూలకు వెళ్లి, పిల్ల ఒంటికి చుట్టి ఆరాక కోసి తీసిన ప్లాస్టరు డొల్లను బయటికి లాగింది. లోపల కుడివైపు తన చేతిరాతే: పుటాకారం. తడిమి చూసింది. గుంటే. గుంట కాక ఏముంటుంది! వీపు ఉబ్బిన చోటే కదా డొల్ల లోపల పల్లమయ్యేది. వీపుకు చెప్పాల్సిన మాట అచ్చుకు తగిలించింది. ఆ రాతను నమ్మే, ఉబ్బును నొక్కాల్సిన మెత్తను ఎడమపక్క అతికించారు.

నోరు మూసుకుంటే తన ఉద్యోగం నిలుస్తుంది. పిల్ల వీపు కత్తి కిందికి పోతుంది.

“సంతకం ఆపండి మేస్త్రీగారూ. తప్పు నాది.”

మేస్త్రీ డొల్లలోకి చూశాడు, చీటీ చదివాడు. “కొంప ముంచావు కదమ్మా!” అని అరిచి, అంతలోనే మెడ గీరుకున్నాడు. “అచ్చు తీసిన రోజు కళ్లద్దాలు వెతుక్కోలేక చీటీ నీకే వదిలేశాను. నాదీ ఉందిలే. పట్టు, ఊడదీద్దాం.”

మెత్తను కుడివైపుకు మార్చారు. లోపలికి పోయిన ఎడమపక్క బయటికి రావడానికి చోటుండేలా అక్కడి ప్లాస్టిక్‌లో కిటికీ కోశారు. టైలరమ్మ పిల్ల వీపు మీద చెయ్యి వేసింది.

“ఇక్కడేనా?”

“ఇంకాస్త పైకి... ఆ, అక్కడే! అత్తా, ఊపిరి పీలిస్తే ఎడమపక్క నిండుతోంది!”

మర్నాడు తండ్రి ఫిల్ము పట్టుకుని పరుగున వచ్చాడు. ముప్పై నాలుగు డిగ్రీల వంపు బ్రేసులో పందొమ్మిదికి దిగింది. డాక్టరు ఆపరేషన్ మాటే ఎత్తలేదట.

మేస్త్రీ టైలరమ్మ చేతిలో రంగు పెన్సిలు పెట్టాడు. “ఇకనుంచి ముందు వీపు మీద రాయి, తర్వాతే ప్లాస్టరు చుట్టు. ఆ రాతే అచ్చులోకి దిగుతుంది.”

ఆ పూట వచ్చిన ఇంకో పిల్ల “అత్తా, కితకితలు!” అని మెలికలు తిరిగిపోతుంటే, “కదిలావంటే నీ కుంభాకారం పక్కింటికి పోతుందే!” అని కసురుతూ రాసింది టైలరమ్మ.