నలభై ఒక్క పళ్లు

మా బావ లారీ పేరెత్తితేనే నాకు ఒళ్లు మండుతుంది. పాతికేళ్లు దాటిన బండి. క్యాబిన్ తలుపు తాడుతో కట్టుకోవాలి. కుడివైపున్నది బండి అద్దం కాదు, మా అక్క తల దువ్వుకునే అద్దం. పోనీ, అవన్నీ భరించవచ్చు. కిందటేడు పాత ఇంజన్ పోతే, ఎవడో చెప్పాడని ఒక చిన్న లారీ ఇంజన్ తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. సొంత బామ్మర్ది మెకానిక్ కదా, ఒక్క మాట అడగాలనిపించలేదా అంటే, "అడిగితే వద్దంటావుగా" అన్నాడు.

ఆ లారీ కొండ మీది ఆసుపత్రికి నీళ్ల ట్యాంకు మోస్తుంది. ఇరవయ్యేళ్లుగా బావకు అదే పని, వేరేది తెలియదు. చిన్న ఇంజన్ వచ్చాక బండి మూడో మలుపు దగ్గర ఉసూరుమని ఆగిపోవడం మొదలుపెట్టింది. బావ ఏదోలా నెట్టుకొచ్చాడు గానీ, ఈమధ్య ఒకసారి ఆగినప్పుడు వెనక్కి జారితే, పక్కన కూర్చున్న అక్క కిందికి దూకి చక్రానికి రాయి అడ్డం పెట్టింది. ఆ సంగతి నీళ్ల ఆఫీసు సూపర్‌వైజరు దాకా పోయింది. గురువారం నిండు ట్యాంకుతో ఎక్కించి చూపించు, మధ్యలో ఆగితే ఆ పని ఇంకో బండికి ఇచ్చేస్తానన్నాడు.

అక్క ఫోన్ చేసి ఏడవలేదు, దులిపేసింది. "ఊరందరి బండ్లూ బాగుచేస్తావు. మీ బావ బండి మాత్రం నీ కంటికి ఆనదా?"

ఇంజన్ బలం తగ్గినప్పుడు వెనక ఇరుసులో పళ్ల లెక్క దానికి తగ్గట్టు ఉండాలి. ఇరుసు మధ్యలో పినియన్ అని ఒక చిన్న పళ్ల చక్రం, క్రౌన్ అని ఒక పెద్ద పళ్ల చక్రం ఉంటాయి. ఇంజన్ నుంచి వచ్చే పొడుగు షాఫ్టు చిన్నదాన్ని తిప్పుతుంది, చిన్నది పెద్దదాన్ని తిప్పుతుంది. షాఫ్టు ఎక్కువ చుట్లు తిరిగితే గానీ టైరు ఒక చుట్టు తిరగదంటే, వేగం పోయినా లాగే బలం ఉంటుంది. కాబట్టి ముందు బావ బండిలో లెక్క ఎంతో తెలియాలి.

"బావా, వెనక చక్రం జాకీ మీద లేపు. చేత్తో ఒక్క చుట్టు తిప్పు. షాఫ్టు మీద సుద్దతో గీత పెట్టి, అదెన్ని చుట్లు తిరిగిందో చెప్పు. నీ సొంత తెలివి వాడకు."

గంటకు ఫోన్ వచ్చింది. "మూడు చుట్లు. పైన అర చుట్టుకి కాస్త తక్కువ."

మూడున్నర కూడా లేదా! అది పెద్ద రోడ్ల మీద పరుగెత్తే బస్సులకు పెట్టే లెక్క. కొండెక్కే ముసలి లారీకి ఎవడు బిగించాడో గానీ, ఆ మెకానిక్‌ని నేను మూడు రోజుల పాటు తిట్టని తిట్టు లేదు. పాత ఇనుము కొట్లన్నీ తిరిగాను. చివరికి చిన్నదానికి ఆరు, పెద్దదానికి నలభై ఒక్క పళ్లున్న జత దొరికింది. అంటే టైరు ఒక చుట్టుకు షాఫ్టు ఏడు చుట్లకు కొంచెం తక్కువ. దాన్ని నా బండి వెనక వేసుకుని బుధవారం పొద్దున్నే బావ ఇంటికి చేరాను.

ఆయిలు వంపి, షాఫ్టు విప్పి, పాత జత బయటికి లాగేసరికి నడుం విరిగింది. కిరసనాయిలుతో కడిగి, నేను తెచ్చినదాని పక్కన పెట్టాను. రెండూ ఒకేలా కనిపించాయి. సుద్దముక్క తీసుకుని పళ్లు లెక్కపెట్టాను. చిన్నదానికి ఆరు. పెద్దదానికి నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాను. పన్ను తగ్గలేదు, పెరగలేదు.

"బావా," అన్నాను, గొంతు అదుపులో పెట్టుకుని. "ఎన్ని చక్రాలు లేపావు?"

"ఒకటి."

"రెండోవైపు?"

"నేల మీదే ఉంది. ఏం?"

ఒకవైపు చక్రం కదలకుండా ఉంటే లెక్క సగమే వస్తుంది. రెండువైపులా లేపి, రెండు చక్రాలూ కలిపి తిప్పాలి. ఇంత చిన్న విషయం తెలియని మనిషి ఇరవయ్యేళ్లుగా లారీ ఎలా తోలుతున్నాడో ఆయనకే తెలియాలి. నెత్తీ నోరూ కొట్టుకుంటూ అరిచాను. 

"నువ్వు రెండూ లేపమని చెప్పలేదురా," అంది అక్క తలుపు దగ్గర నుంచి. "ఫోన్ స్పీకర్లో పెట్టే ఉంది."

నిజమే, చెప్పలేదు. నా షెడ్డులో ఇరుసు మొత్తం స్టాండ్ల మీదే ఉంటుంది. రెండు చక్రాలూ గాల్లో ఉండాలని ఎవరికీ ఎప్పుడూ చెప్పాల్సిన పని పడలేదు. మూడు రోజులు నేను తిట్టిన మెకానిక్ ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసిన మెకానిక్‌ని నేనే. ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు. విప్పిన జతనే తిరిగి బిగించాను.

మరి లెక్క సరిగ్గా ఉంటే బండి ఎందుకు ఆగుతోంది? సాయంత్రం ట్యాంకు నింపి కొండెక్కించమన్నాను. బావకూ అక్కకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. రెండో గేరులో బండి చక్కగా లాగుతోంది. మూడో మలుపు ముందు బావ టక్కున మూడో గేరులోకి మార్చాడు. ఇంజన్ గొంతు పడిపోయింది, బండి ఆగింది.

"ఎందుకు మార్చావు?"

"అరుస్తోంది కదరా."

"అరవనీ! చిన్న ఇంజన్ బావా ఇది. గట్టిగా తిరిగినప్పుడే దీనికి బలం. పాతదానిలా మెల్లగా తిరుగుతూ లాగదు."

సరేనన్నాడు. బండితో కొండ కిందికి దిగి మళ్లీ ఎక్కాం. మళ్లీ అదే చోట మార్చాడు. మూడోసారి కూడా మార్చాడు. "నీకు చెవుల్లో ఏమైనా పోశారా!" అని అరిచాను.

బావ చేతి బ్రేకు లాగి స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. "పాతదీ ఇలాగే అరిచింది," అన్నాడు. "ఆ రోజు ఇంకో ట్రిప్పు వెయ్యాలని తొక్కేశాను. అరుస్తున్నా వదల్లేదు. నా కాలి కిందే పోయిందిరా. ముసలిదై పోయిందని మీకు చెప్పాను గానీ, చంపింది నేను."

నన్ను అడగకుండా ఇంజన్ ఎందుకు మార్చాడో అప్పుడు అర్థమైంది. అడిగితే పాతది ఎలా పోయిందని అడుగుతాను. సిగ్గుపడ్డాడు. ఏడాది పాటు మనసులో పెట్టుకుని తిరిగాడు.

గురువారం సూపర్‌వైజరు ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు. ఈసారి అక్క మధ్యలో కూర్చుంది. మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది. మూడోదాని ముందు ఇంజన్ గోల పెట్టింది. బావ చెయ్యి గేరు రాడ్డు మీదికి పోతోంది. నేను అరవడానికి నోరు తెరిచాను. అంతకుముందే అక్క చెయ్యి రాడ్డు మీద పడింది.

"అరవనీ," అంది.

బావ మొహం నిండా చెమట. పళ్లు బిగించి తొక్కాడు. బండి కేకలు పెడుతూ మలుపు తిరిగింది, ఎక్కింది, గేటు ముందు ఆగింది. సూపర్‌వైజరు పని బావకే ఉంచుతూ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

ఆ కాగితం బావ చూడనైనా చూడలేదు. గబగబా దిగి బానెట్ ఎత్తాడు. "ఎక్కడైనా దెబ్బ తగిలిందేమో చూడరా," అన్నాడు. ఏమీ తగల్లేదని నాకు తెలుసు. అయినా ఇంజన్ దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నాను.

"ఏం కాలేదు బావా. బాగుంది."

"రేపు కూడా ఇలాగే అరవాలా?"

"రోజూ అరవాలి."

బావ మొహం వేలాడేశాడు. ఒళ్లు మండిపోయింది నాకు. ఇంజన్ పోయిన రోజే ఒక్క ఫోన్ కొట్టి ఉంటే, నేనూ ఓ అరుపు అరిచేవాణ్ని, అంతటితో అయిపోయేది.